ఏ దిక్కుకు తిరిగి ఏడవాలి

"పెట్టె తెరవకూడదు. ఏడుపులో ఆ దేశం పేరు రాకూడదు. ఈ రెండే, పెద్దమ్మా. ఈ రెండూ పాటిస్తే చిన్నవాడికి ఏ భయమూ లేదు," అన్నాడు ఆసన్‌కుల్, టోపీ తీసి చేతిలో నలుపుతూ.

ఆసన్‌కుల్ జిల్లా పార్టీ ఆఫీసు ఉద్యోగి. పక్క లోయలో పుట్టి పెరిగిన కిర్గిజ్ వాడే. అతని పక్కన నిలబడ్డ మేజర్ మాత్రం రష్యా నుంచి వచ్చినవాడు, జిల్లాలో సైన్యానికి కుర్రాళ్ళను పోగుచేసే ఆఫీసుకు పెద్ద. మాట మేజర్‌ది, నోరు ఆసన్‌కుల్‌ది. ఇద్దరి వెనకా ఉమ్‌సునాయ్ ఇంటి ముంగిట్లో, మంచులో, రెండు మిలిటరీ లారీలు ఆగి ఉన్నాయి. ముందు లారీలో జింకు రేకు పెట్టె ఉంది. అంచుల చుట్టూ మాటు వేసి బిగించేశారు. అందులో ఆమె మనవడు మెలిస్ ఉన్నాడట. కాగితం అలా చెప్పింది.

ఈ ఊరికి ఆసుపత్రి బండి కావాలని రెండేళ్ళు అర్జీలు పెట్టుకుంటే పెట్రోలు లేదన్నారు. కనుమ దారిలో మంచు తోయించమంటే బుల్డోజరు లేదన్నారు. కిందటి చలికాలం కాన్పు కష్టమైన పిల్ల ఒకతె గుర్రపు బండిలో, సగం దారిలోనే ప్రాణం విడిచింది. ఇప్పుడు చూడండి, బుల్డోజరూ దొరికింది, పెట్రోలూ దొరికింది, లారీలైతే ఒకటికి రెండు దొరికాయి. చచ్చి తిరిగొచ్చేవాడి మీద సర్కారుకు ఎంత శ్రద్ధో!

ఉమ్‌సునాయ్‌కి అరవై రెండేళ్ళు. కొడుకూ కోడలూ తమ తొలి బిడ్డను, ఇంకా పాలు మరవకముందే, ఆచారం ప్రకారం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు. అందుకే మెలిస్ నానమ్మను అమ్మా అనేవాడు, కన్నతల్లి దామిరాను వదినా అనేవాడు. అన్నను చూసి తమ్ముడు కుబాత్ కూడా ఆమెను అమ్మా అనే పిలిచాడు. కుబాత్‌కి మొన్న జనవరిలో పద్దెనిమిది నిండాయి. వసంతంలో వాణ్ణి సైన్యంలోకి తీసుకుంటారు. తప్పించుకునే దారి లేదు. ఎక్కడికి పంపుతారన్నదే ప్రశ్న.

"వాణ్ణి ఎక్కడేస్తారు?" అని అడిగింది ఉమ్‌సునాయ్.

ఆసన్‌కుల్ మేజర్‌ని రష్యన్‌లో అడిగి ఇటు తిరిగాడు. "దగ్గరే, నారిన్ పట్నంలోనే. ధాన్యం గిడ్డంగి కాపలా. ఆదివారం ఆదివారం ఇంటికొచ్చి నీ చేతి టీ తాగి పోవచ్చు."

"నేను మాట తప్పితే?"

ఈసారి అతను మేజర్‌ని అడగలేదు. "ఆ మాట ఇప్పుడెందుకులే, పెద్దమ్మా."

"పోనీ, మెలిస్ ఎలా పోయాడని చెప్పమంటావు?"

"యుద్ధ విన్యాసాల్లో లారీ బోల్తా పడింది. కాగితంలో అలా ఉంది."

"ఎక్కడ విన్యాసాలు?"

"అది కాగితంలో లేదు."

కాగితంలో లేకపోయినా ఉమ్‌సునాయ్‌కి తెలుసు. మెలిస్ టపాలో రాసిన ఉత్తరాలన్నిటిలోనూ మంగోలియాలో ఉన్నానని, తిండి బాగుందని ఉండేది. కొత్త సంవత్సరం వెళ్ళాక మాత్రం, సైన్యం నుంచి ఇంటికి పోతున్న కుర్రాడొకడు తన టోపీ లోపల కుట్టుకుని ఒక చీటీ తెచ్చి ఇచ్చాడు. 'అమ్మా, ఇది మంగోలియా కాదు, అఫ్గానిస్తాన్. కుందూజ్ అనే ఊరి పక్కన ఏటి వంతెన కాస్తున్నాం. పక్క లోయ తాష్తాన్ కూడా నాతోనే ఉన్నాడు. చదివాక కాల్చెయ్యి.' ఆమె చదివి పొయ్యిలో వేసింది. పేపర్లో చూస్తే మన సైనికులు అక్కడ బడులు కడుతున్నారని, చెట్లు నాటుతున్నారని ఫొటోలు వేసేవాళ్ళు. చెట్లు నాటేవాళ్ళకు జింకు పెట్టెలు ఎందుకని ఊళ్ళో అందరికీ సందేహమే. కానీ ఆ మాట వంటింటి గడప దాటేది కాదు. దాటిన ఒక లెక్కల మాస్టారి ఉద్యోగం ఊడింది.

ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోయినవాడు ఎలాగూ రాడు. ఉన్నవాడు గుమ్మం పక్కన నిలబడి, అన్న పెట్టెకేసి చూస్తూ పెదవి కొరుక్కుంటున్నాడు.

"సరే. నా నోరు నేను కట్టేసుకుంటాను. చిన్నవాణ్ణి మాత్రం నాకొదిలెయ్యండి," అంది.

ముంగిట్లో ఉన్ని గుడారం వేసి పెట్టెను లోపల తెర వెనక దించారు. మోసిన నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెట్టె తేలిగ్గా ఉంది.

పొరుగు వంశాల నుంచి ముగ్గురు పెద్దవాళ్ళు శవాన్ని కడగడానికి వచ్చారు. నీళ్ళు కాచి తెచ్చారు. పెట్టె దగ్గర మేజర్ కాపలా పెట్టిన సైనికుడు అడ్డం నిలిచాడు. "కడగని మనిషిని మట్టికెలా అప్పజెప్పేదిరా?" అని ముగ్గురిలో పెద్దాయన అరిచాడు. సైనికుడికి భాష రాదు, అడ్డు మాత్రం తొలగలేదు. కాచిన నీళ్ళు చల్లారిపోయాయి. కడిగినవాళ్ళకు పోయినవాడి బట్టలివ్వడం ఆచారం కాబట్టి ఉమ్‌సునాయ్ మెలిస్ కోటూ, బూట్లూ, నక్కతోలు టోపీ తెచ్చి పెద్దాయన ముందు పెట్టింది. ఆయన రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు వదినా. మేం కడగలేదు. ఏ మొహం పెట్టుకుని తీసుకుంటాం?"

దామిరా ఆ కోటును లాక్కుని మొహానికి అదుముకుంది. "అత్తా, అందులో ఉన్నది వాడేనా? ఒట్టేసి చెప్పు, వాడేనా?" అంది.

ఇక ఏడుపు సంగతి. అక్కడ ఆడవాళ్ళు గుడారంలో గోడవైపు తిరిగి, వచ్చేవాళ్ళకు వీపు పెట్టి కూర్చుని ఏడుస్తారు. అది ఉత్త ఏడుపు కాదు, కట్టి పాడే ఏడుపు. పోయినవాడు ఎవరి బిడ్డో, ఎలా బతికాడో, ఎక్కడ పోయాడో, ఎవరివల్ల పోయాడో అన్నీ వరసగా రావాలి. పిసినారి పోతే పిసినారి అనే ఏడుస్తారు, ఎవరూ ఏమనుకోరు. ఏడుస్తున్న ఆడదాన్ని మధ్యలో ఆపడమన్నది లేదు, ఖాన్‌ల కాలంలోనూ లేదు. నాలుగు లోయల్లో ఆ విద్యలో ఉమ్‌సునాయ్‌ని మించినది లేదు. అలాంటిదాని నోటికి తాళం పడింది.

"ఒంటెపిల్లా నా బిడ్డా, ఒడిలోన పెరిగినోడా,
మంచు కరిగే నెలలోన మొదటడుగు వేసినోడా,
మూడేళ్ళకే జీనెక్కి ముంగిలంతా తిరిగినోడా..."

బాల్యం అయ్యేది, బడి అయ్యేది, సైన్యానికి సాగనంపిన రోజు వచ్చేది. అక్కడికి రాగానే ఆమె గొంతు తిప్పుకుని మళ్ళీ ఉయ్యాల దగ్గరికి పోయేది. మొదటి రోజంతా అంతే. రెండో రోజూ అంతే.

"ఏమిటే నీ వరస? పోయిన చోటు దగ్గరికి రాగానే కంచె చూసిన మేకలా వెనక్కి దూకుతున్నావు," అని పక్కన కూర్చున్న ముసలామె మోచేత్తో పొడిచింది.

"దగ్గొస్తోంది," అంది ఉమ్‌సునాయ్.

"నీకా, దగ్గా!" అని ముసలామె మొహం తిప్పుకుంది.

ఉమ్‌సునాయ్‌కి సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. తన చేతుల్లో పెరిగిన బిడ్డ కడగని ఒంటితో, చెప్పని చావుతో పోతున్నాడు. మాట తప్పుదామా అనుకున్నప్పుడల్లా బయట మగవాళ్ళ వరసలో, నడుముకు గుడ్డ కట్టుకుని, కర్ర మీద వాలి, వచ్చినవాళ్ళకు ఎదురేడుస్తున్న కుబాత్ గొంతు వినిపించేది. అది వినగానే నోరు దానంతటదే మూసుకునేది.

మూడో రోజు మధ్యాహ్నం పూడ్చాలి. ఆడగుర్రాన్ని కోసి, ఉడికించి, పొద్దుటినుంచీ వడ్డిస్తున్నారు. మేజర్, ఆసన్‌కుల్ గుడారానికి ఆనుకుని వేసిన బల్ల దగ్గర కూర్చున్నారు. వాళ్ళకూ లోపలి ఆడవాళ్ళకూ మధ్య ఉన్నది ఉన్ని గోడ ఒక్కటే. లోపలివాళ్ళకు మేజర్ గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా వినిపిస్తోంది.

అప్పుడు కనుమ వైపు నుంచి ముగ్గురు ఆడవాళ్ళు గుర్రాల మీద వచ్చారు. ముందున్నది బురుల్, తాష్తాన్ తల్లి. మెలిస్, తాష్తాన్ ఒకే రోజు ఒకే బస్సెక్కి సైన్యానికి వెళ్ళారని రెండు లోయలకూ తెలుసు. దూరం నుంచే గొంతెత్తి ఏడుస్తూ వచ్చిన బురుల్ గుర్రం దిగి, గుడారంలోకి వచ్చి, ఉమ్‌సునాయ్ పక్కన గోడవైపు తిరిగి కూర్చుంది. పరామర్శ అయ్యాక ఆమె పాట దారి మార్చింది.

"గుండె పగిలిన అక్కా, గుడారాన ఉన్న అక్కా,
రేకు పెట్టెలోనైనా నీవాడిల్లు చేరినాడు,
నాలుగు నెలలాయె నాకు నావాడి జాడ లేదు,
ఒక్క బస్సులో పోయినారే, ఒక్కచోటే ఉన్నారే,
నీవాడు నీళ్ళు తాగిన ఏటి పేరేమి అక్కా?
తూరుపా, పడమరా, ఏ దిక్కుందది అక్కా?
ఏ దిక్కు తిరిగి నేను ఏడవాలి చెప్పవక్కా?"

ఏడుపులో అడిగినదానికి ఏడుపులోనే జవాబివ్వాలి. ఇవ్వకపోతే పోయినవాడికి అవమానం. శత్రువు వచ్చి అడిగినా ఇవ్వాల్సిందే. ఈ సంగతి మేజర్‌కి తెలియదు. తెలిసిన ఆసన్‌కుల్‌కి, ఇలా అడగడానికి ఒకరు వస్తారని తట్టలేదు. అన్ని దారులూ మూశామనుకున్నాడు పాపం!

బురుల్ అడుగుతున్నది కొడుకు చావు గురించి కూడా కాదు. ఎటు తిరగాలో చెప్పమంటోంది, అంతే. చెబితే కుబాత్ పోతాడు. చెప్పకపోతే ఈ తల్లి నాలుగు దిక్కులా తిరుగుతూ పిచ్చిదైపోతుంది. తనకు కనీసం పెట్టె వచ్చింది. దీనికి దిక్కు కూడా లేదు.

బయట గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. ఆసన్‌కుల్ దగ్గాడు. అది హెచ్చరిక అని ఆమెకు అర్థమైంది. దాంతో ఆమెకు ఒళ్ళు మండింది. ఏడిచే ఆడదాన్ని దగ్గి బెదిరిస్తాడా, వీడి మొహం మండ!

"అడిగినావు చెల్లెలా, అడగరాని మాట కాదు,
అమూ నది ఆవలమ్మా, అఫ్గానుల నేలమ్మా..."

ఆ ఒక్క ముక్క ఏ భాషవాడికైనా తెలుస్తుంది. బయట మేజర్ వినీ విననట్టుగా కదిలాడు, కుర్చీ కిర్రుమంది.

మరుక్షణం గుమ్మం దగ్గర కుబాత్ గొంతు పెళ్ళున లేచింది. "అన్నా! నా అన్నా!" అని వాడు గుండెలు పగిలేలా అరిచాడు. ఎదురుగా వచ్చేవాళ్ళు ఎవరూ లేరు, అయినా అరిచాడు. వాడి పక్కన వాళ్ళ నాన్న అందుకున్నాడు. కడగడానికి వచ్చిన ముగ్గురూ అందుకున్నారు. ఇరవై మంది మగవాళ్ళు కర్రల మీద వాలి ఒక్కసారిగా హోరెత్తించారు. ఆ హోరు కింద ఉమ్‌సునాయ్ పాడింది. రెండు రోజులుగా గొంతులో అడ్డుపడినదంతా బయటికొచ్చింది.

"కుందూజనే ఊరమ్మా, కొండ కింది వంతెనమ్మా,
బోల్తా పడ్డ లారీ కాదు, బొంకు రాసిన కాగితమమ్మా,
బడులు కట్ట పోలేదమ్మా, చెట్లు నాట పోలేదమ్మా,
తుపాకిచ్చి తోలినారు, తల్లికి చెప్పొద్దన్నారు,
కొత్తేడాది నాటికి నీ బిడ్డ నా బిడ్డ పక్కనున్నాడు,
దక్షిణానికి తిరుగమ్మా, దక్షిణానికి తిరుగమ్మా."

బురుల్ కూర్చున్నదల్లా మోకాళ్ళ మీదే కదిలి దక్షిణానికి తిరిగింది. ఆమెతో వచ్చిన ఇద్దరూ తిరిగారు. తర్వాత గుడారంలో ఉన్న నలభై మంది ఆడవాళ్ళూ, ఎవరూ చెప్పకుండానే తిరిగారు.

బయట హోరు తగ్గింది. "ముసలామె ఏమంటోంది?" అని మేజర్ అడగడం ఉమ్‌సునాయ్‌కి స్పష్టంగా వినిపించింది. ఆ మాత్రం రష్యన్ ఆమెకు వచ్చు.

"గుర్రాన్ని పొగుడుతోంది, కామ్రేడ్ మేజర్," అన్నాడు ఆసన్‌కుల్. "కుర్రాడికి మంచి గుర్రం ఉండేది."

"గుర్రం కోసమా ఇంత గోల?"

"మావాళ్ళకు గుర్రమంటే ప్రాణం."

మేజర్ నవ్వి గ్లాసు ముందుకు తోశాడు. సాయంత్రం లోపల మెలిస్‌ని పెట్టెతో సహా పూడ్చారు. లారీలు వెళ్ళిపోయాయి. కుబాత్ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. అరిచి అరిచి వాడి గొంతు పోయింది, మూడు రోజులు సైగలతోనే మాట్లాడాడు.

మే మొదటి వారంలో జాబితా జిల్లా సైనిక కార్యాలయం తలుపు మీద అంటించారు. అరవై పేర్లు. ముప్పై ఒకటో పేరు కుబాత్‌ది. పేరు పక్కన తెర్మెజ్ అని ఉంది. తెర్మెజ్ అంటే ఏమిటో పొలాల్లో తిరిగే పిల్లలకు కూడా తెలుసు. అమూ నదికి ఈవలి ఒడ్డు. దాటితే అఫ్గానిస్తాన్.

ఎవరో చెప్పేశారు. ఉమ్‌సునాయ్ మనసులో ఆ నలభై మంది మొహాలనూ ఒక్కొక్కటే తిప్పి చూసుకుంది. ఎవరి మీదా అనుమానం నిలవలేదు. మిగిలింది ఒక్కడే.

సాగనంపే రోజున కార్యాలయం ముందు రెండు బస్సులు నిలబెట్టారు. ఎర్ర గుడ్డ కట్టారు. బడి మాస్టర్ల బ్యాండు వాయిస్తోంది. మేజర్ మెట్ల మీద నిలబడి, మాతృభూమి గురించి రాసుకొచ్చిన కాగితం చదువుతున్నాడు. కుబాత్ అప్పటికే రెండో బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఉమ్‌సునాయ్ జనాన్ని తోసుకుంటూ పోయి ఆసన్‌కుల్ చొక్కా పట్టుకుంది.

"నువ్వేనా? గుర్రం అని చెప్పి, తర్వాత పోయి చెవిలో ఊదావా?"

"లేదు పెద్దమ్మా. రొట్టె మీద ఒట్టు. నేను చెప్పలేదు."

"మరి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు." అతను నేలకేసి చూశాడు. "పెట్టె వచ్చిన నాలుగిళ్ళలోనూ మేజర్ అదే మాటిచ్చాడు. నాలుగిళ్ళలోనూ దాన్ని నేనే మన భాషలో చెప్పాను. ఆ నాలుగిళ్ళ పిల్లలూ ఈ బస్సుల్లోనే ఉన్నారు. పైనుంచి అరవై అని అంకె వస్తుంది. అరవై నిండాలి. ఎవరేం ఏడ్చారని అక్కడ ఎవరు చూస్తారు?"

"అంటే నేను నోరు తెరిచినా ఇంతేనా?"

"ఇంతే."

"మూసుకున్నా ఇంతేనా?"

"ఇంతే, పెద్దమ్మా."

ఆమె చొక్కా వదిలేసింది. "అయితే ఆ రెండు రోజులూ నా బిడ్డ పెట్టె ముందు కూర్చుని, దగ్గొస్తోందని ఎందుకు బొంకానురా?" అంది.

బతికున్నవాడి కోసం ఏడవకూడదు, అరిష్టం. ఆమె కుబాత్ పేరెత్తలేదు. వాడి కిటికీ కిందికి పోయి, మేజర్‌కు వీపు పెట్టి, బస్సునే గోడ అనుకుని అటు తిరిగి, మెలిస్ ఏడుపు అందుకుంది. ఉయ్యాల జోలికి పోలేదు. నేరుగా అమూ నది దగ్గర మొదలుపెట్టింది. జనంలోంచి ఒకామె వచ్చి పక్కన నిలబడింది, తర్వాత ఇంకొకామె. ఆ నాలుగిళ్ళ తల్లులూ వచ్చారు. ఎవరి చావు ఎక్కడిదో వాళ్ళు పేర్లతో సహా పాడుతుంటే, బ్యాండులో బాకా ఊదే మాస్టారు బాకా దించేశాడు. అతని అన్న కొడుకు కూడా కిందటేడు పెట్టెలోనే వచ్చాడు.

"ఆపించు!" అని మేజర్ అరిచాడు.

"ఏడిచే ఆడదాన్ని ఆపడం మా దగ్గర లేదు, కామ్రేడ్ మేజర్."

"ఏమంటున్నారు వీళ్ళు?"

ఈసారి ఆసన్‌కుల్ ఒక్క ముక్క కూడా మింగలేదు. మెట్ల మీద నిలబడి, అందరికీ వినిపించేలా, వాళ్ళు పాడిన ప్రతి పేరునూ రష్యన్‌లో చెప్పాడు. వారం తిరక్కుండానే అతని ఉద్యోగం పోయింది.

మిలీషియా వాళ్ళు, అంటే అక్కడి పోలీసులు, వచ్చారు గానీ, వాళ్ళూ ఆ లోయల పిల్లలే. ఎవరి వీపు మీద చెయ్యి వెయ్యాలో తెలియక నిలబడిపోయారు. బస్సుల ముందంతా జనం. మేజర్ ఫోన్ల మీద ఫోన్లు చేసి, పక్క జిల్లా నుంచి తమ మాట వినే మనుషుల్ని తెప్పించేసరికి రెండు గంటలు పట్టింది. వాళ్ళు వచ్చి దారి చేశారు. అరవై మంది కుర్రాళ్ళతో బస్సులు తెర్మెజ్ దారి పట్టాయి.

ఆ రెండు గంటలూ కుబాత్ కిటికీలోంచి చెయ్యి చాపి నానమ్మ తలగుడ్డ అంచు పట్టుకునే ఉన్నాడు. సర్కారు నుంచి ఆమె రాబట్టుకోగలిగింది ఆ రెండు గంటలే.